పెరుగుకి సరే, పిండికి? గర్భిణి ఉన్న ఇంటికి పెరుగు మేకర్ రివ్యూ

పెరుగు మేకర్ పేరుతో అమ్మేవి రెండు రకాలు. ఒకటి ఒకే వేడి మీద నడిచేది. ప్లగ్ పెట్టి బటన్ నొక్కితే లోపల సుమారు 42 డిగ్రీల దగ్గర నిలబడుతుంది, మార్చుకునే వీలు ఉండదు. రెండోది చిన్న డిస్‌ప్లే ఉన్నది. 20 డిగ్రీల నుంచి 50, 60 దాకా ఒక్కో డిగ్రీ చొప్పున మార్చుకోవచ్చు, ఎన్ని గంటలు నడవాలో పెట్టుకోవచ్చు. పక్కపక్కన పెడితే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. గర్భిణికి పొద్దుటి టిఫిన్‌లోకి పెరుగూ, పులిసిన పిండీ రెండూ ఇంట్లోనే చేసిపెట్టాలని కొంటున్నట్టయితే రెండోదే తీసుకోండి. మొదటిది పెరుగు వరకు చక్కగా చేస్తుంది, పిండిని మాత్రం పాడుచేస్తుంది.

ఎందుకు పాడుచేస్తుందో తెలియాలంటే పెరుగును తోడుపెట్టేవి, పిండిని పొంగించేవి ఒకే సూక్ష్మజీవులు కావని గుర్తుంచుకోవాలి. ప్యాకెట్ యోగర్ట్‌లో వాడే రెండు ముఖ్యమైన రకాలు స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్, లాక్టోబాసిలస్ బుల్గారికస్. ఈ రెండూ 40 నుంచి 45 డిగ్రీల మధ్య హుషారుగా పనిచేస్తాయి. యంత్రాన్ని 42 దగ్గర బిగించింది వీటి కోసమే. మినప్పప్పు, బియ్యం రుబ్బిన పిండిలో మొదట పనిలోకి దిగేది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్. అది పప్పు మీద సహజంగానే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ వదులుతూ పిండిని పొంగిస్తుంది. దానికి 25 నుంచి 30 డిగ్రీలు హాయి. 42లో పెడితే అది డీలా పడిపోతుంది, పులుపు పుట్టించే మిగతా రకాలు చెలరేగుతాయి. మూత తీస్తే ఘాటైన పుల్లటి వాసన వస్తుంది కానీ, పిండి పోసిన గీత దాటి పైకి రాదు. ఆ పిండితో వేసిన ఇడ్లీ గట్టిగా, నోట్లో పుల్లగా ఉంటుంది. ఇప్పటికే ఛాతీలో మంటతో బాధపడుతున్న మనిషికి అది పెట్టే పదార్థం కాదు.

ఇంట్లో చేసిన తోడు సంగతి మళ్లీ వేరు. తరతరాలుగా తోడు మీద తోడు వేసుకుంటూ వచ్చిన పెరుగులో లాక్టోకాకస్ లాంటివి కూడా ఉంటాయి, అవి 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతాయి. ఆ తోడును 42లో పెడితే మొదటిసారి పెరుగు పలుచగా, కొంచెం గరుకుగా రావచ్చు. రెండు మూడు సార్లు తోడు మార్చేసరికి వేడికి తట్టుకునేవే మిగిలి, పెరుగు గట్టిపడుతుంది, రుచి మాత్రం మారిపోతుంది. పాత రుచే కావాలంటే అదే యంత్రంలో 34, 35 డిగ్రీలు పెట్టి 8 నుంచి 10 గంటలు ఇవ్వండి. వేడి మార్చుకునే రకం ఇక్కడ కూడా పనికొస్తుంది.

యంత్రం చేయని పని

కొనేముందు తెలుసుకోవలసిన మాట, పెట్టె మీద ఎక్కడా పెద్ద అక్షరాలతో కనిపించని మాట ఒకటుంది. పెరుగు మేకర్ పాలు కాచదు. వెచ్చగా ఉంచుతుంది, అంతే. పాలల్లో చెడ్డ సూక్ష్మజీవులు ఉంటే, 42 డిగ్రీలు వాటిలో చాలావాటికీ బాగానే ఉంటుంది. పచ్చిపాలు నేరుగా పోసి తోడుపెట్టడం గర్భిణి విషయంలో ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

భయమంతా లిస్టీరియా అనే బ్యాక్టీరియా గురించి. గర్భిణులకు ఇది సోకే అవకాశం మిగతావారికంటే సుమారు 10 రెట్లు ఎక్కువని అమెరికాలోని వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. తల్లికి కొద్దిపాటి జ్వరం, ఒళ్లునొప్పులతో సరిపోవచ్చు. కానీ అది బిడ్డకు చేరితే గర్భం పోవడం, నెలలు నిండకుండానే కాన్పు కావడం, పుట్టిన పసికందుకు తీవ్రమైన జబ్బు చేయడం దాకా వెళ్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, మిగతా బ్యాక్టీరియా చాలావరకు ఫ్రిజ్‌లో నిద్రపోతే, లిస్టీరియా అక్కడ కూడా నెమ్మదిగా పెరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టాం కాబట్టి భయం లేదనుకోవడానికి వీల్లేదు.

అందుకే నియమాలు ఇలా పెట్టుకోండి. పాలు పాశ్చరైజ్ చేసినవే (చెడ్డ సూక్ష్మజీవులు చావడానికి డెయిరీలో వేడిచేసినవే) తీసుకుని, ఇంట్లో మళ్లీ కాచాలి. గర్భిణి తినే పెరుగుకు తోడు ఇంటి పాత తోడు కాకుండా, సీలు తీయని, గడువు దాటని, పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిన పెరుగు డబ్బాలోంచి తీసుకోవాలి. పాలు కాచాక ముట్టుకునే ప్రతి గిన్నె, గరిటె, మూత మరిగే నీళ్లు పోసి తీసినవై ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి వదిలేసినా, ఎంత ఖరీదైన యంత్రమైనా మిమ్మల్ని కాపాడదు.

పెరుగు: కొలతలు, తప్పులు

లీటరు పాలు తీసుకోండి. చిక్కటి పాలైతే మేలు. పొంగు వచ్చాక వెంటనే దించేయకుండా సన్నటి సెగ మీద 5 నుంచి 10 నిమిషాలు కలుపుతూ మరగనివ్వండి. 85 డిగ్రీలు దాటి కొన్ని నిమిషాలు ఉంటేనే పాలలోని వే ప్రోటీన్లు (తేట నీటిలో ఉండేవి) విచ్చుకుని, పాలలోని ముఖ్యమైన ప్రోటీన్ అయిన కేసీన్‌కు అతుక్కుంటాయి. పెరుగు చెంచాతో కోస్తే అంచు నిలబడేది ఆ అతుకు వల్లే. పాశ్చరైజ్ చేసిన పాలను మళ్లీ కాచడం దండగ అనేవాళ్లు పెరుగు పలుచగా వచ్చిందని యంత్రాన్ని తిడుతుంటారు. తప్పు యంత్రానిది కాదు.

గిన్నెను చల్లటి నీళ్ల టబ్‌లో నిలబెట్టి కలుపుతూ ఉంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో 43 డిగ్రీలకు వస్తుంది. వేలు పెట్టి చూసుకోకండి. శుభ్రత ఒక కారణమైతే, వేలికి 43కీ 50కీ తేడా సరిగ్గా తెలియకపోవడం ఇంకొకటి. మొన ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి యంత్రంతోపాటే కొనుక్కోండి. ఈ సమీక్షలో మేం గట్టిగా సిఫారసు చేసే అదనపు వస్తువు అదొక్కటే.

లీటరు పాలకు ఒక పెద్ద చెంచా తోడు చాలు. దాన్ని నాలుగు చెంచాల గోరువెచ్చటి పాలలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత మొత్తంలో పోయాలి. తోడు ఎక్కువ వేస్తే గట్టిగా తోడుకుంటుందని చాలామంది నమ్మకం. జరిగేది తలకిందులు: పులుపు మరీ వేగంగా పెరిగి, గడ్డ బిగుసుకునే తీరిక లేక, పెరుగు రవ్వరవ్వగా విరిగి నీరు వదిలేస్తుంది.

42 డిగ్రీలు, 6 గంటలు. ఐదో గంటలో ఒకసారి చూడవచ్చు. గిన్నెను కొంచెం వంచితే పెరుగు మొత్తం ఒక్క ముద్దగా అంచు నుంచి విడివడాలి. అలా వచ్చిందంటే అయిపోయినట్టే. బాగా తోడుకున్న పెరుగులో చెంచా దించి ఒక ముక్క తీస్తే గుంత గోడలు కూలవు. కాసేపటికి ఆ గుంత అడుగున లేత ఆకుపచ్చ కలిసిన పసుపు నీరు ఊరుతుంది. ఆ నీరు తేటగా ఉండాలి. పాలలా తెల్లగా ఉంటే పెరుగు ఇంకా బిగుసుకోలేదు. పెరుగు మధ్యలో బుడగలు, చిల్లులు కనిపించినా, చెంచా ఎత్తితే తీగలా సాగినా, ఈస్టు వాసన వచ్చినా తోడులో వేరేవి చేరాయని అర్థం. గులాబీ రంగు, నారింజ రంగు, బూజు ఏ కొంచెం కనిపించినా మొత్తం పారేయాలి. పైపైన తీసేసి మిగతాది వాడుకుందామనే పొదుపు గర్భిణి పళ్లెం దగ్గర పనికిరాదు.

యంత్రాల్లో ఎక్కువవాటికి ఉన్న పెద్ద లోపం ఇక్కడే బయటపడుతుంది. టైమర్ అయిపోయాక హీటర్ ఆగుతుంది, కానీ లోపల చల్లబరిచే ఏర్పాటు ఏదీ ఉండదు. రాత్రి 10కి పెడితే తెల్లారి 4కి ఆగుతుంది. మూత బిగించి ఉన్న గిన్నెలో వేడి గంటలకొద్దీ నిలబడి పెరుగు పులుస్తూనే ఉంటుంది. లేచి చూసేసరికి నోరు జివ్వుమనే పుల్లటి పెరుగు. ఆలస్యంగా మొదలయ్యే టైమర్ వాడుకుందామా అంటే, పాలు వెచ్చగా, తోడు లేకుండా, లేదా తోడు వేసి ఊరికే గంటలు కూర్చోవడం మంచిది కాదు. దారి ఒకటే, వేళ మార్చుకోవడం. మధ్యాహ్నం 2కి పెడితే రాత్రి 8కి అవుతుంది. నేరుగా ఫ్రిజ్‌లోకి వెళ్తే పొద్దునకు చల్లగా, గట్టిగా, తియ్యగా ఉంటుంది. కనీసం 4 గంటలు ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచాలి. వేడి మీదే కలిపితే కట్టిన గడ్డ తెగిపోయి మళ్లీ అతుక్కోదు.

వేవిళ్ల నెలల్లో చల్లటి, పులుపు తక్కువ పెరుగు చాలామందికి ఇముడుతుంది, వేడి వేడి తాలింపు వాసన ఇమడదు. అప్పుడు 6 గంటలకు బదులు 5 గంటలకే ఆపి తియ్యటి పెరుగు తీసుకోండి. కొందరికి తీపి చూస్తేనే వికారం, కాస్త పులుపుంటేనే ముద్ద దిగుతుంది. వాళ్లకు 7 గంటలు. యంత్రంతో నిజమైన లాభం ఇదే. ఈరోజు ఇమిడిన పులుపును రేపూ అచ్చంగా అలాగే తెప్పించుకోవచ్చు.

పిండి: ఇక్కడే తేలిపోతుంది

మినప్పప్పు ఒక కప్పు, ఇడ్లీ రవ్వ రెండు కప్పులు, అర చెంచా మెంతులు. బియ్యంతో అయితే మూడు కప్పులు. గర్భిణి కోసం అయితే రవ్వను కప్పున్నరకు తగ్గించండి, ప్రోటీన్ వాటా పెరుగుతుంది, ఇడ్లీ కొంచెం మెత్తబడుతుందే తప్ప చెడదు. పప్పు 4, 5 గంటలు నానితే చాలు. గ్రైండర్‌లో అయితే నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ అరగంట రుబ్బాలి. మిక్సీలో అయితే ఫ్రిజ్ నీళ్లు పోసి, మధ్యలో ఆపి ఆపి తిప్పాలి. బ్లేడు వేడికి పిండి కాలితే పొంగించే బ్యాక్టీరియా అక్కడే దెబ్బతింటుంది. గిన్నెడు నీళ్లలో మినప్పిండి చుక్క వేస్తే దూదిలా తేలాలి. మునిగితే ఇంకా రుబ్బాలి.

కలపడానికి చేయి పెడితేనే పులుస్తుందని అంటుంటారు. పులియబెట్టేవి పప్పు మీదే ఉన్నాయి, చేతి మీదివి అక్కర్లేదు. శుభ్రమైన గరిటెతో రెండు నిమిషాలు గాలి తగిలేలా కలిపితే సరిపోతుంది. లీటరు పిండికి ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు.

ఇప్పుడు యంత్రం. 30 డిగ్రీలు, 8 నుంచి 10 గంటలు. గిన్నె సగానికి మించి నింపకూడదు. పిండి దాదాపు రెట్టింపు అవుతుంది, నింపేస్తే మూత తోసుకుని హీటర్ అంచుల్లోకి కారుతుంది. అలా కారి ఎండిన పిండిని తీయడం పెద్ద పని, సరిగ్గా తీయకపోతే అక్కడే బూజు పడుతుంది. దీన్నిబట్టి చూస్తే లీటరు గిన్నె ఉన్న యంత్రంలో అర లీటరు పిండే పడుతుంది, అది ఇద్దరికి ఒక పూటకు చాలేది. పిండికి కూడా వాడదలిస్తే రెండు లీటర్లకు తక్కువ కొనకండి. చిన్న చిన్న గాజు సీసాలతో వచ్చే రకం పెరుగుకు ముద్దుగా ఉంటుంది, పిండికి అసలు పనికిరాదు.

పులిసిన పిండిని గుర్తుపట్టడానికి గంటలు లెక్కపెట్టడం కంటే కళ్లు, ముక్కు నమ్మడం మేలు. గాజు గిన్నె అయితే పక్కనుంచి చూస్తే పిండి నిండా సన్నటి బుడగల వల కనిపిస్తుంది. పైన గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. గరిటె దించితే చిటపటమని మెల్లటి చప్పుడుతో కుంగుతుంది. వాసన తేలికగా పుల్లగా, తియ్యగా ఉండాలి. పైభాగం కుంగి, చుట్టూ పిండి ఎక్కిన గీత పైన మిగిలి, నీరు తేలితే సమయం మించిపోయినట్టు. ఆ పిండి అట్లకు వాడుకోవచ్చు గానీ, ఏడో నెల తర్వాత పుల్లటి తేన్పులు, మంట ఉన్నవారికి వద్దు.

ఇంకో పరిమితి కూడా తెలియాలి. ఈ యంత్రాలు వేడి ఇవ్వగలవు, తీసేయలేవు. గది వేడి 36, 37 డిగ్రీలు ఉంటే 30 పెట్టినా లోపల 36కు తగ్గదు. డిస్‌ప్లే మీద మాత్రం 30 అనే చూపించే యంత్రాలు ఉన్నాయి, ఎందుకంటే కొన్నింటిలో కనిపించేది మీరు పెట్టిన అంకే తప్ప లోపలి వేడి కాదు. ఎండాకాలంలో పిండికి యంత్రం జోలికి పోకండి. గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి 5, 6 గంటలకే చూసుకోండి. చలికాలంలో మాత్రం దీని విలువ తెలుస్తుంది. గది 18, 20 డిగ్రీలు ఉన్నప్పుడు 16 గంటలైనా లేవని పిండి 9 గంటల్లో నిండుగా లేస్తుంది.

పులిసిన పిండిని ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి, కావలసినంతే వేరే గిన్నెలోకి తీసుకోండి. ఇడ్లీ ఆవిరి మీద పూర్తిగా ఉడుకుతుంది కాబట్టి పెరుగుతో పోలిస్తే భద్రత విషయంలో ఇది నిశ్చింత. మధ్యలో పుల్ల గుచ్చితే తడి లేకుండా రావాలి. అట్టు కూడా రెండు వైపులా కాలాలి.

పెసరపప్పు కలిపి చేసే పిండి త్వరగా పులుస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఆరో గంటలోనే చూడండి. రాగి పిండి కలపాలనుకుంటే రవ్వలో సగం బదులు వేయండి. 100 గ్రాముల రాగుల్లో 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యం దాని దరిదాపుల్లోకి కూడా రాదు. అయితే రాగి పిండి నీరు ఎక్కువ పీలుస్తుంది, పొంగు కొంచెం తక్కువ ఉంటుంది. ఇడ్లీ కంటే అట్టుకే బాగా కుదురుతుంది.

పులిసిన అన్నం గురించి ఒక హెచ్చరిక

అన్నంలో నీళ్లు పోసి రాత్రంతా బయట వదిలేసే పద్ధతిని ఈ యంత్రంలో చేయవద్దు. బియ్యంలో ఉండే బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వండినా చావవు. అన్నం వెచ్చగా గంటలకొద్దీ ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఇప్పటికే వాంతులతో నీరసించిన గర్భిణికి ఒంట్లో నీరు తగ్గిపోవడం చిన్న విషయం కాదు.

దాని బదులు పాలు, తోడు కలిపి చేయండి. అప్పుడే వండిన మెత్తటి అన్నం ఒక కప్పు, కాచిన వేడి పాలు రెండు కప్పులు కలిపి మెదపాలి. గిన్నెను నీళ్ల టబ్‌లో పెట్టి చప్పున 43 డిగ్రీలకు దించి, ఒక చిన్న చెంచా తోడు వేసి, 42 దగ్గర 6 గంటలు. తోడు మొదటి గంట నుంచే పులుపు పెంచుతూ పోతుంది కాబట్టి చెడ్డవాటికి పెరిగే చోటు తగ్గుతుంది. వండిన అన్నాన్ని మాత్రం చల్లారడానికి బయట వదిలేసి మర్చిపోకూడదు, గంటలోపు తోడు పడాలి. తర్వాత ఫ్రిజ్. మరుసటి పొద్దున సన్నగా తరిగిన కీరా, దానిమ్మ గింజలు, వేయించిన జీలకర్ర పొడి కలుపుకుంటే, వికారం ఉన్న రోజు కూడా దిగే టిఫిన్ అది.

కొన్ని మోడళ్లలో వైన్, కొంబుచా (పులియబెట్టిన టీ), పులిసిన కూరగాయలకు కూడా బటన్లు ఉంటాయి. ఆ బటన్లు చూసి ఎక్కువ పెట్టి కొనకండి. గర్భంతో ఉన్నప్పుడు ఇంత వరకు ఫర్వాలేదని చెప్పగల మద్యం మోతాదు లేదు. ఇంట్లో చేసిన కొంబుచాలో కొంత మద్యం, టీ వల్ల కెఫీన్ ఉంటాయి, పాశ్చరైజ్ చేసింది కాదు కూడా. ఈ నెలల్లో వాటిని పక్కనపెట్టాలి.

పళ్లెంలోకి వచ్చేసరికి

పులియబెట్టడం వల్ల కలిగే మేలును ఉన్నంతలోనే చెప్పాలి. పప్పు, ధాన్యాల్లో ఫైటేట్లు ఉంటాయి. ఇవి ఇనుమును, జింకును పట్టి ఉంచి ఒంటికి పట్టనివ్వవు. నానబెట్టి పులియబెడితే వాటిలో కొంత భాగం విరిగిపోతుంది, అందువల్ల ఇనుము కొంచెం బాగా ఒంటబడుతుంది. పులిసిన పిండి తేలిగ్గా అరుగుతుంది. అంతమాత్రాన ఇది ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలకు బదులు కాదు. గర్భిణులు రోజుకు 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఇడ్లీలతో ఆ లెక్క పూర్తికాదు. డాక్టర్ రాసిన మాత్ర మానకూడదు.

ఆ మాత్రకూ ఈ టిఫిన్‌కూ ఒక చిక్కు ఉంది. పెరుగులోని కాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది. ఐరన్ మాత్ర పెరుగుతో కలిపి మింగితే సగం ప్రయోజనం పోగొట్టుకున్నట్టే. పొద్దున పెరుగు టిఫిన్ అయితే మాత్రను కనీసం రెండు గంటలు దూరం జరపండి, వేళ ఏదన్నది డాక్టర్‌తో మాట్లాడి స్థిరం చేసుకోండి. ఇడ్లీ, అట్టు తినే రోజున టమాటా పచ్చడో, నిమ్మరసం పిండిన పప్పో పక్కన పెడితే విటమిన్ సి తోడై ఇనుము బాగా పడుతుంది. టీ, కాఫీ టిఫిన్‌తో కలిపి తాగితే ఆ మేలు పోతుంది, గంట ఆగండి. మొత్తం మీద కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు.

మూడు ఇడ్లీల్లో ప్రోటీన్ 6 గ్రాముల చుట్టూ ఉంటుంది. పొద్దుటి పూటకు అది తక్కువ. గట్టిగా ఉడికిన గుడ్డు ఒకటి ఇంకో 6 గ్రాములు ఇస్తుంది. గుడ్డు తినని వారికి పప్పు ఎక్కువ వేసిన సాంబారు ఒక గిన్నె, లేదా నీరు వడకట్టిన పెరుగు. ఈ వడకట్టిన పెరుగు కోసం కొన్ని యంత్రాలతో సన్నటి జాలీ బుట్ట ఇస్తారు. మేం చూసే లాభాల్లో ఇదొకటి: బట్టకంటే కడగడం సులువు, మరిగే నీళ్లు పోయవచ్చు. లీటరు పెరుగును ఫ్రిజ్‌లోనే 4, 5 గంటలు వడకడితే సగానికి సగం చిక్కటి పెరుగు మిగులుతుంది. బయట వేలాడదీసి వడకట్టకండి. దిగిన తేట నీరు పారేయక్కర్లేదు, అదే రోజు పిండి కలపడానికో, పప్పులోకో వాడుకోవచ్చు.

గర్భంలో షుగర్ ఉందని తేలినవారికి ఇంకో మాట. పులిసింది కదా అని ఇడ్లీ పిండిపదార్థం తగ్గిపోదు. నాలుగు ఇడ్లీలు ఒక్కటే తింటే షుగర్ గబగబా పెరుగుతుంది. రెండు ఇడ్లీలు, నిండా కూరగాయల సాంబారు, పక్కన గుడ్డో చిక్కటి పెరుగో పెట్టి, తిన్నాక మీటర్ ఏం చెబుతుందో చూసి పాళ్లు సర్దుకోవాలి. పెరుగులో చక్కెర, తేనె వేయకుండా పండు ముక్కలు కొన్ని వేస్తే చాలు.

వస్తువు మీద మంచి చెడులు

లోపలి గిన్నె స్టీలుదో గాజుదో ఉండాలి. ప్లాస్టిక్ గిన్నెలో వారానికల్లా సన్నటి గీతలు పడతాయి, పాత పెరుగు వాసన, పసుపు మరకలు వాటిలో ఇరుక్కుంటాయి, మరిగే నీళ్లు పోయడానికి కూడా మనసొప్పదు. మూత చుట్టూ ఉండే సిలికాన్ రింగును విడదీసి కడగగలిగేలా ఉందో లేదో కొనేముందే చూడండి. విడిరాని రింగు ఉన్న మోడల్ అయితే మిగతావన్నీ బాగున్నా మేం వద్దనే అంటాం. ఆ సందులోనే పాల జిడ్డు మిగిలి నల్లటి చుక్కలు కడుతుంది.

మూత లోపల ఆవిరి చేరి చుక్కలుగా పెరుగు మీద పడటం అన్నింటిలోనూ ఉన్నదే. గిన్నె మీద శుభ్రమైన పలుచటి పొడిబట్ట పరిచి దానిమీద మూత పెడితే సరిపోతుంది. గిన్నెకు, హీటర్‌కు మధ్య కొంచెం నీళ్లు పోయమని కొన్ని కంపెనీలు చెబుతాయి. పోస్తే వేడి సమంగా అందుతుంది, పోయకపోతే అడుగున పులిసి పైన పలుచగా మిగులుతుంది. ఆ నీళ్లు రోజూ పారబోసి తుడవాలి.

కొన్న రోజే ఒక పరీక్ష చేయండి. గిన్నెలో లీటరు నీళ్లు 40 డిగ్రీలవి పోసి, 42 పెట్టి రెండు గంటలు నడపండి. తర్వాత థర్మామీటర్‌తో మధ్యలో, అంచున, అడుగున కొలవండి. మూడు చోట్లా 40కీ 45కీ మధ్య ఉంటే ఉంచుకోండి. 48 దాటితే తోడు దెబ్బతింటుంది, 38 లోపుంటే తోడుకోవడం మరీ ఆలస్యమవుతుంది. ఇదే పరీక్ష 30 దగ్గర కూడా చేయాలి. 42 దగ్గర సరిగ్గా ఉండి, 30 దగ్గర 35 చూపించే యంత్రాలుంటాయి. అలాంటిదైతే మార్చుకునే గడువు ఉండగానే వెనక్కి ఇచ్చేయండి.

కరెంటు ఖర్చు లెక్కలోకి వచ్చేది కాదు. 20 వాట్ల హీటర్ 8 గంటలు ఆగకుండా నడిచినా 0.16 యూనిట్. కరెంటు పోతే మాత్రం చాలా యంత్రాలు మళ్లీ వచ్చాక తమంతట తామే మొదలవ్వవు. గంటలోపు వస్తే మందపాటి తువ్వాలు చుట్టి ఉంచి, మిగిలిన గంటలు పెట్టుకుంటే సరి. తోడుకోకుండానే చల్లారిపోయి ఎంతసేపు అలా ఉందో తెలియకపోతే, ఆ పాలు గర్భిణికి వాడకండి.

ఇంట్లో ఇప్పటికే ఎలక్ట్రిక్ మల్టీకుక్కర్ ఉండి, దానిలో యోగర్ట్ బటన్ ఉంటే కొత్తగా ఏదీ కొనక్కర్లేకపోవచ్చు. పై నీళ్ల పరీక్ష దానికీ చేయండి. ఆ బటన్‌లో తక్కువ వేడి ఎంపిక ఉంటే పెద్ద స్టీలు గిన్నె కాబట్టి పిండికి పెరుగు మేకర్ కంటే అదే నయం. ప్రెషర్ మూత వద్దు, మామూలు పళ్లెం మూత చాలు. లేదంటే పిండి పొంగి ఆవిరి రంధ్రంలోకి ఎక్కుతుంది. కూరలకు వాడే సిలికాన్ రింగుతో పెరుగు పెడితే మసాలా వాసన పట్టేస్తుంది, రెండో రింగు వేరుగా ఉంచుకోవాలి. ఇక కీప్ వార్మ్ బటన్ నొక్కి పాలు తోడుపెట్టకండి. ఆ వేడి 60 డిగ్రీల పైన ఉంటుంది, తోడు చచ్చిపోయి తెల్లారేసరికి పాలు పాలలాగే ఉంటాయి.